ముద్దుల లెక్క, గొడ్డలి వేటు: సర్ గవైన్ కావ్యం చదివే పద్ధతి

మధ్యయుగ ఇంగ్లిష్ సాహిత్యంలో ప్రేమ, వీరధర్మం, కథ చెప్పే నేర్పు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చూడాలంటే ‘సర్ గవైన్ అండ్ ది గ్రీన్ నైట్’ చదవాలి. ఆర్థర్ రాజు కొలువులోని గవైన్ అనే వీరుడికీ ఒక ఆకుపచ్చ వీరుడికీ మధ్య నడిచే కథ. 14వ శతాబ్దం చివర్లో, ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లో వాయవ్య భాగపు మాండలికంలో పుట్టిన కావ్యం ఇది. మిగిలింది ఒకే ఒక్క చేతిరాత ప్రతి. 1731లో అదున్న లండన్ భవనం ఆష్‌బర్నమ్ హౌస్ అంటుకుంది, అయినా అది దక్కింది. మొత్తం 2530 పాదాలు, 101 ఖండికలు, నాలుగు భాగాలు. రోజుకి మూడు ఖండికలు చదివితే 34 రోజుల్లో అయిపోతుంది. అంతకంటే తొందర వద్దు.

ఒక పేజీలో మూలం, ఎదుటి పేజీలో ఆధునిక ఇంగ్లిష్ అనువాదం, పక్కన పాదాల సంఖ్యలు ఉన్న ప్రతి తెచ్చుకోండి. కథనంతా వచనంగా తిరగరాసిన పుస్తకాలతో ఈ పని జరగదు.

ముందు చెవికి

ప్రతి ఖండికనీ మొదట పైకి చదవండి, అర్థం తర్వాత. ‘నైట్’ అన్న మాటని ‘క్నిఖ్ట్’ అనాలి, రాసిన అక్షరాలన్నీ పలుకుతాయి. మొదటి పాదం దాదాపు ఇలా వినిపిస్తుంది: ‘సిథెన్ ద సేజ్ అండ్ ది అసౌత్ వస్ సేసెడ్ అట్ త్రోయె’. ట్రాయ్ ముట్టడీ దాడీ ముగిశాక అని అర్థం. ‘స’ ఎన్నిసార్లు మోగిందో చూడండి. యతి అలవాటున్న తెలుగు చెవి దీన్ని ఇట్టే పట్టేస్తుంది, కానీ ఒక చోట మోసపోతుంది. మన యతి స్థానాన్ని బట్టి నడుస్తుంది, ఇది ఊనికను బట్టి, అంటే మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలుకుతామో దాన్ని బట్టి. ‘అసౌత్’ మొదలయ్యేది ‘అ’తోనే అయినా ఊనిక ‘సౌ’ మీద పడుతుంది, కాబట్టి లెక్కకొచ్చేది ‘స’. మాట మొదటి అక్షరం చూసి గుర్తు పెట్టుకుంటూ పోతే పాదం తప్పినట్టు అనిపిస్తుంది. పెన్సిల్‌తో ఊనిక పడే చోట్ల గీత గీసి, ఆ తర్వాతే అక్షరం చూడండి. ఇంకో తేడా, ఇక్కడ ఏ అచ్చుకైనా ఏ అచ్చైనా సరిపోతుంది.

పొడుగు పాదాల చివర రెండు మూడు అక్షరాల తునక ఒకటి, దాని కింద నాలుగు పొట్టి పాదాలు వస్తాయి. సీసం కింద తేటగీతి గుర్తు తెచ్చుకోండి. ఈ తోకలో అంత్యప్రాస ఉంటుంది. మొదటి ఖండికలో ‘విన్నె, దెరిన్నె, సిన్నె’ ఒక జట్టు, ‘వొండెర్, బ్లుండెర్’ ఇంకో జట్టు. కవి తన మాట చాలాసార్లు ఈ తోకలోనే అంటాడు, అందుకే అక్కడ ఆగి రెండోసారి చదవండి.

‘మనిషి, వీరుడు’ అనడానికి ఈ కవి దగ్గర గోమ్, ఫ్రేక్, సెగ్, బర్న్, హాథెల్, షాల్క్, రెంక్, టుల్క్ ఇలా బోలెడు మాటలున్నాయి. అక్షరం కలవడానికి ఏది కావాలో అది వాడతాడు. వీటిని ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. లేకపోతే ప్రతిసారీ కొత్త పాత్ర వచ్చిందనుకుంటారు.

తర్వాత లెక్క పుస్తకం

ఇది ఒప్పందాల కథ. మొదటి ఒప్పందం ఆర్థర్ కొలువులో కొత్త సంవత్సరం నాడు కుదురుతుంది. ఆకుపచ్చ వీరుడి మెడ మీద గవైన్ ఒక వేటు వేయాలి, ఏడాది మీద ఒక రోజుకి తిరుగు వేటు తినాలి. తల తెగినా ఆ వీరుడు చావడు, కాబట్టి బాకీ మిగిలిపోతుంది. రెండోది, ఆ బాకీ తీర్చడానికి వెళ్తూ దారిలో గవైన్ బస చేసిన బెర్టిలాక్ అనే దొర కోటలో. వేటలో నాకు దొరికింది నీది, ఇంట్లో నీకు దొరికింది నాది అంటాడు ఇంటాయన. మూడోది చాలామంది రాసుకోవడం మరిచిపోయేది: కట్టుకున్నవాడి ప్రాణం కాపాడుతుందంటూ బెర్టిలాక్ భార్య ఆకుపచ్చ నడికట్టు ఇచ్చినప్పుడు, అది భర్తకి చెప్పనని ఆ ఇంటావిడకి ఇచ్చిన మాట. రెండోదీ మూడోదీ రెండూ నిలబెట్టడం ఎవరివల్లా కాదు. కథ ముడిపడింది అక్కడే.

కాగితం మీద నాలుగు వరసలు గీయండి: రోజు, వేట, గవైన్‌కి దొరికింది, గవైన్ ఇచ్చింది. మొదటి రోజు లేడి వేట, ఒక ముద్దు దొరికింది, ఒకటి ఇచ్చాడు. రెండో రోజు అడవిపంది, రెండుకి రెండు. మూడో రోజు నక్క. దొరికినవి మూడు ముద్దులూ నడికట్టూ, ఇచ్చినవి మూడు ముద్దులే. ఆ రోజు గవైన్ ఎన్నడూ లేనిది తానే ముందుగా లేచి, ఇంటాయన నోరు తెరవకముందే బాకీ తీర్చేస్తాడు. తప్పు చేసినవాడి తొందర అది, కవి ఒక్క మాటా వ్యాఖ్యానించడు. ఈ కాగితం పక్కన గొడ్డలి మూడు వేట్లూ రాయండి. రెండు ఉత్తుత్తివి, మూడోది మెడ చర్మం గీరుతుంది. ఆ ఇంటాయనే ఆకుపచ్చ వీరుడని చివర్లో తేలుతుంది, కాబట్టి ఎందుకన్నది మీ పట్టికే చెబుతుంది.

వేట భాగాలు దాటేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పడకగది సన్నివేశాన్ని కవి ప్రతి రోజూ వేట రెండు సగాల మధ్య పెడతాడు. లేడిని కోసేటప్పుడు కొవ్వు రెండు వేళ్ల మందం ఉందని కొలిచి చెప్పినంత ఓపికగా, లోపల ఒక మర్యాదస్తుడు ఎలా ఇరుకున పడుతున్నాడో చెబుతాడు. నక్క కత్తి వేటుకి పక్కకి జరిగి కుక్కల నోట్లో పడే చోట ‘షుంట్’ అనే క్రియ ఉంది. మొదటి వేటుకి జంకిన గవైన్ తనను గురించి తాను వాడేదీ ఆ మాటే. 1902, 2280 పాదాలు పక్కపక్కన పెట్టి చదవండి.

ప్రేమ మాటలు

1237వ పాదంలో ఇంటావిడ ‘మై కోర్స్’కి స్వాగతం అంటుంది. అక్షరాలా తీసుకుంటే ‘నా ఒళ్లు’, వాడుకలో ‘నేను’ అని కూడా. ఆ రెండర్థాల మధ్యే ఆమె ఆట. ఒక్క అర్థానికే కట్టుబడ్డ అనువాదం ఆమెను బజారు మనిషినైనా చేస్తుంది, అమాయకురాలినైనా చేస్తుంది. అందుకే మూలం చూడాలి. గవైన్ ఇబ్బంది 1773 చుట్టూ స్పష్టంగా ఉంది: కాదంటే మోటువాడు, ఔనంటే పాపి, పైగా అన్నం పెట్టినవాడికి ద్రోహి. ‘కోర్టైసీ’ అనే మాట వచ్చినప్పుడల్లా గుర్తు పెట్టి, అక్కడ దాని అర్థం పలకరింపా, శీలమా, సరసమా అని పక్కన రాయండి.

చివర్లో గవైన్ ఆడవాళ్ల మీద విరుచుకుపడి ఆదాము, సొలొమోను, సంసోను, దావీదుల పేర్లు ఎత్తుతాడు. దాన్ని కవి అభిప్రాయంగా తీసుకోవద్దు. సిగ్గుతో ఉడికిపోతున్న మనిషి మాట్లాడుతున్నాడు. తీర్పులు మూడు: గవైన్ తనను పిరికి, లోభి అంటాడు, ఆకుపచ్చ వీరుడు ప్రాణం మీద తీపే కదా, అంత తప్పు పట్టనంటాడు, కొలువు నవ్వి, తామంతా ఆకుపచ్చ పట్టీ కట్టుకుంటామంటుంది. మూడూ రాసుకున్నాక, నాలుగోది మీరు రాయండి.

ఇదే లెక్క పుస్తకంతో, అదే కాలపు కవి ఛాసర్ రాసిన ‘కాంటర్‌బరీ టేల్స్’లో ‘వైఫ్ ఆఫ్ బాత్’ అనే పాత్ర చెప్పే కథకి వెళ్లండి. అక్కడా గడువు ఏడాది మీద ఒక రోజు, అక్కడా ఆడమనిషికిచ్చిన మాట. ముద్రాపకుడు కాక్స్‌టన్ 1485లో అచ్చువేసిన, ఆర్థర్ కథలన్నీ వచనంలో చెప్పిన మాలరీ గ్రంథంలో కూడా గవైన్ కనిపిస్తాడు. అతను పగ పట్టే వేరే మనిషి, ఈ గవైన్‌ని అక్కడికి మోసుకుపోవద్దు.