కోనసీమ ఉక్కపోతలో ఫ్రెష్ ఈస్ట్‌తో పిజ్జా పిండి

ఫ్రెష్ ఈస్ట్‌తో, అంటే పిండిని పొంగించే ఈస్ట్ ఎండబెట్టకుండా వచ్చే రకంతో, పిజ్జా పిండి అని వెతికితే దొరికే రెసిపీలు చాలావరకు చలిదేశాల వాళ్లు వాళ్ల వంటిళ్లకి రాసుకున్నవే, గోరువెచ్చటి నీళ్లు పొయ్యండి, వెచ్చగా ఉన్న చోట రెండు గంటలు పెట్టండి అంటారు. మే నెలలో అమలాపురంలోనో భీమవరంలోనో వెచ్చగా లేని చోటు ఎక్కడుందండీ, ఫ్రిజ్ తప్ప! వాళ్ల లెక్క అలాగే పాటిస్తే పిండి గంటకే గిన్నె దాటి పొర్లుద్ది, పుల్ల వాసనొస్తది, కాల్చాక కూడా రంగు తిరక్కుండా పాలిపోయినట్టు ఉంటది, ఎందుకంటే రంగు రావాల్సిన చక్కెరంతా ఈస్ట్ ముందే తినేసి కూర్చుంటది. అందుకని మన దగ్గర ఈస్ట్ తగ్గించాలి, నీళ్లు చల్లగా పొయ్యాలి, మిగతా పని ఫ్రిజ్‌కి వదిలెయ్యాలి.

ముందు ఈస్ట్ సంగతి. డ్రై ఈస్ట్ డబ్బాలు సూపర్ మార్కెట్లో ఉంటాయి గానీ ఫ్రెష్ ఈస్ట్ మాత్రం బ్రెడ్డు సొంతంగా కాల్చే బేకరీ వాళ్ల దగ్గరే అడగాలి, వాళ్లకి దిమ్మలుగా వస్తది, రోజూ కొనేవాళ్లైతే ఒక ముక్క కోసి ఇస్తారు. ఉదయం పూట వెళ్లండి, మధ్యాహ్నం ఎండలో బస్సులో పట్టుకొస్తే ఇంటికొచ్చేసరికి మెత్తబడిపోద్ది, అలా తేవాల్సొస్తే ఐస్ వేసిన డబ్బాలో పెట్టుకోండి. మంచి ఈస్ట్ లేత గోధుమ రంగులో, విరిస్తే పొడిపొడిగా తెగాలి. అంచులు ముదురు రంగుకి తిరిగినా, వేలికి జిగటగా అంటినా, కుళ్లు వాసన కొట్టినా మొహమాటపడకుండా వద్దనేయండి. ఇంట్లో కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు బాగానే ఉంటది. అనుమానంగా ఉంటే చిన్న ముక్క చిదిపి, చిటికెడు పంచదార వేసిన నీళ్లలో కలిపి పది నిమిషాలు చూడండి, పైన నురగ రాకపోతే పారేయడమే. తాటికల్లు నురగకట్టేది కూడా ఈ జాతి ఈస్ట్ వల్లే, కాబట్టి మన గాలికి అదేం కొత్త కాదు.

కొలతలు. అరకిలో మైదా, 300 ఎంఎల్ నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, ఒక పెద్ద స్పూన్ నూనె, ఇంక ఈస్ట్ ఆ రోజే కాల్చుకునేటట్టయితే 5 గ్రాములు, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టేదానికి 2 లేక 3 గ్రాములు. ఇంత తక్కువా అని భయపడకండి. ఇటలీలో నేపుల్స్ ఊరి పిజ్జాకి యూరోపియన్ యూనియన్ 2010లో ఖాయం చేసిన పద్ధతిలో లీటరు నీళ్లకి 1.8 కిలోల పిండి, ఈస్ట్ చూస్తే 3 గ్రాములే. ఇంటర్నెట్ రెసిపీల్లో ఒక క్యూబ్, అంటే ఒక చిన్న ఈస్ట్ దిమ్మ, వెయ్యండి అని ఉంటది చూడండి, దాన్ని అసలు నమ్మకండి, ఇటలీ క్యూబ్ 25 గ్రాములైతే జర్మనీది 42, రాసినాయన ఏ దేశం వాడో చూసుకోకపోతే అయిపోయినట్టే. చిన్న డిజిటల్ కాటా ఉంటే మంచిది, లేకపోతే బేకరీలో 25 గ్రాములు తూచి ఇమ్మని అయిదు సమాన ముక్కలు చేసుకోండి, ముక్క 5 గ్రాములు. డబ్బాలో పొడిగా వచ్చే ఇన్‌స్టంట్ ఈస్టే ఉందంటే ఇందులో మూడో వంతు సరిపోద్ది.

నీళ్ల దగ్గర కొంచెం ఓపిక పట్టండి, అసలు కిటుకు ఇక్కడే ఉంది. కలిపాక పిండి 25 డిగ్రీల దగ్గర ఉండాలి. చేత్తో కలిపేవాళ్లకి లెక్క సులువు: 25ని మూడుతో గుణిస్తే 75, అందులోంచి గది వేడి, మైదా వేడి తీసేస్తే మిగిలిందే నీళ్ల వేడి. మే నెలలో గది 34, డబ్బాలో మైదా కూడా 34 అనుకోండి, 75లోంచి 68 పోతే 7, అంటే ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన నీళ్లన్నమాట. అదే సంక్రాంతి రోజుల్లో గది 25 ఉంటే కుండ నీళ్లు చాలు. పొరపాటున కూడా కాగిన నీళ్లు పొయ్యొద్దు, 55, 60 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోద్ది. ఇంకోటి, సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, వాటితో వద్దు, తాగే నీళ్లే వాడండి, లేదంటే ఉప్పు లెక్క తప్పుద్ది. వానాకాలంలో డబ్బాలో మైదా కూడా తేమ పీల్చేసుకుని ఉంటది, అప్పుడు 280 ఎంఎల్‌తో మొదలెట్టి, చాలకపోతే మిగతాది చెంచాలతో పోసుకోండి. ఒకేసారి పోసేసి తర్వాత మైదా చల్లుకుంటూ పోతే పిండి పెరగడం తప్ప రుచి ఉండదు.

ఈస్ట్‌ని కొన్ని నీళ్లలో వేళ్లతో చిదిపి కరిగించండి, ఉండలు మిగలకూడదు. మిగతా నీళ్లు, మైదా కలిపి తడి పొడి లేకుండా అయ్యాక మూత పెట్టి ఒక పావుగంట వదిలెయ్యండి, ఉప్పు ఇంకా వెయ్యకండి. ఆ పావుగంటలో పిండి దానంతటదే సాగడం మొదలెడుద్ది, మన చేతులకి సగం కష్టం తప్పుద్ది. తర్వాత ఉప్పు, నూనె వేసి పిసకండి. ఉప్పు తగిలితే ఈస్ట్ చచ్చిపోద్దని చాలామంది భయపెడతారు గానీ నిమిషం తగిలితే ఏమీ కాదు, మైదా లేకుండా ఆ రెండిటినే కలిపి గంటలు ఉంచకుండా ఉంటే చాలు.

పిసకడం అంటే చపాతీ పిండి నొక్కినట్టు కాదండీ. అరచేతి మడమతో ముందుకి తొయ్యాలి, వెనక్కి మడవాలి, పావు తిప్పు తిప్పాలి, మళ్లీ తొయ్యాలి. మొదట్లో చేతికి అంటుకుని విసుగొస్తది, ఆ విసుగులోనే జనం పిండి చల్లేస్తారు, చల్లకండి, వేళ్లకి కాస్త నూనె రాసుకోండి. ఒక పది నిమిషాలకి గిన్నె అంచులు వదిలేసి నున్నగా ఉండ కడుద్ది. అప్పుడు నిమ్మకాయంత ముక్క తీసి రెండు చేతులతో నెమ్మదిగా పల్చగా సాగదీసి కిటికీ వైపు పట్టుకుని చూడండి, చిరక్కుండా అవతల వెలుతురు కనపడాలి. చిరిగిపోతే అయిదు నిమిషాలు ఆపి మళ్లీ మొదలెట్టండి.

ఇంక పొంగడం. గడియారం కాదు, పిండిని చూడండి. నూనె రాసిన డబ్బాలో, పిండికి రెండింతలు చోటు ఉండేటట్టు పెట్టి మూత వెయ్యండి. తడిగుడ్డ కప్పి ఫ్యాన్ కింద పెట్టేస్తారు కొంతమంది, గుడ్డ ఆరిపోయి పైన చెక్కు కట్టేస్తది, ఆ చెక్కు తర్వాత ఎంత పిసికినా కలవదు. ఎండాకాలంలో నలభై నిమిషాలకే రెట్టింపు అయిపోవచ్చు, జనవరిలో గంటన్నర పడుద్ది. వేలికి పిండి అద్దుకుని గుచ్చితే గుంట మెల్లగా, సగమే పైకి రావాలి. వెంటనే పైకొచ్చేస్తే ఇంకా టైం ఉంది, అసలు రాకపోతే ఎక్కువైపోయింది. ఇడ్లీ పిండి అలవాటులో ఇంకాసేపు పులవనీ అనిపిస్తది, కానీ అక్కడ పని చేసేది ఎక్కువగా బ్యాక్టీరియా, ఆ పులుపు మనకి కావాలి, ఇక్కడ అక్కర్లేదు.

నన్నడిగితే రాత్రి ఫ్రిజ్ పద్ధతే మంచిది. కలిపాక ఇరవై నిమిషాలు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేస్తే మర్నాడు సాయంత్రానికి రుచి కూడా బాగా వస్తది. కరెంటు గంటలకొద్దీ పోయే రోజుల్లో మాత్రం మధ్యలో ఒకసారి చూసి, పొంగిపోతుంటే అంచులు లోపలికి మడిచి గాలి తీసెయ్యండి.

కాల్చడానికి రెండు గంటల ముందు, ఎండల్లో అయితే గంట ముందు తీసి నాలుగు ఉండలు చేసుకోండి, ఒక్కోటి 200 గ్రాములు వస్తది. అప్పడాల కర్ర ముట్టుకోవద్దు, రాత్రంతా పట్టిన గాలి ఒక్క తోపుకి పోద్ది. కింద బొంబాయి రవ్వ చల్లి, మధ్యలోంచి అంచులకి వేళ్లతో నొక్కుకుంటూ వెళ్లండి, అంచు ముట్టుకోకండి. వెనక్కి ముడుచుకుంటుంటే కొట్లాడకుండా పది నిమిషాలు వదిలెయ్యండి.

నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 485 డిగ్రీలు, నిమిషం నిమిషంన్నరలో పిజ్జా బయటకొచ్చేస్తది. మన ఓవెన్ 250 దాటదు, అందుకని ట్రే బోర్లించి అరగంట పైగా కాల్చి, దానిమీదే వెయ్యండి. ఓవెన్ లేనివాళ్లకి దిబ్బరొట్టె కాల్చే ఇనప మూకుడు ఉంటే ఓవెన్ గురించి బెంగే అక్కర్లేదు: మూకుడు బాగా కాలాక పిండి పరిచి, సాస్, చీజ్ వేసి, ఇనప మూత పెట్టి, మూత మీద కొబ్బరి చిప్పల బొగ్గులు ఎర్రగా రాజేసి పొయ్యండి, కింద మంట సన్నగా. ఇది పెరట్లోనే చెయ్యండి, తలుపులేసిన వంటింట్లో బొగ్గులు ప్రమాదం. బొగ్గులు లేకపోతే పెనం మీద ఒకవైపు మచ్చలు వచ్చేదాకా కాల్చి, తిప్పి, కాలిన వైపున చీజ్ వేసి మూత పెట్టి నాలుగైదు నిమిషాలు సన్నమంట మీద ఉంచండి. రొయ్యలు వేసేవాళ్లు ముందే వేయించి నీరు ఇగరబెట్టండి, లేదంటే పిండి మధ్యలో నానిపోద్ది.

మిగిలిన ఉండలకి నూనె రాసి విడివిడి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడితే ఇంకో రెండు రోజులు ఆగుతాయి. ఆ తర్వాత సారా వాసన మొదలవుద్ది, అప్పటికి పిజ్జా ఆశ వదిలేసి వెల్లుల్లి, నెయ్యి రాసి పెనం మీద రొట్టెల్లా కాల్చేసుకోండి.