హైదరాబాదు అమ్యూజ్‌మెంట్ పార్కుకు ఇంటిల్లిపాదితో వెళ్ళడం ఎలా?

అమ్యూజ్‌మెంట్ పార్కు అనగానే చాలామంది ముందుగా టికెట్టు ధర ఆరా తీస్తారు. కోనసీమ నుంచో భీమవరం నుంచో ఇద్దరు ముగ్గురు పిల్లలను, మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మను వెంటబెట్టుకొని బయలుదేరే కుటుంబం మాత్రం ముందు ఇంట్లో కొలటేపు ఎక్కడుందో వెతుక్కోవాలి.

1. పిల్లల ఎత్తు కొలవండి

పిల్లవాణ్ణి చెప్పులు లేకుండా, గడప మీద కాక నేలమీదే, మడమలూ వీపూ తగిలేలా గోడకు ఆనించి నిలబెట్టండి. నెత్తిమీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి, దాని అంచు గోడకు తగిలిన చోట పెన్సిలుతో గీత గీసి, నేల నుంచి ఆ గీత దాకా ఎన్ని సెంటీమీటర్లుందో రాసుకోండి. హైదరాబాదు శివారులోని రావిర్యాల దగ్గర ఔటర్ రింగు రోడ్డును ఆనుకొని 2016లో ప్రారంభమైన వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కులో పిల్లల టికెట్టు వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటుంది. పెద్ద రైడ్లలో చాలావాటికి 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండి తీరాలి. ఒళ్ళోకి దిగే కమ్మీ, భుజాలను పట్టి ఉంచే కవచం పెద్దవాళ్ళ శరీరానికి సరిపడేలా తయారవుతాయి కాబట్టి, పొట్టి పిల్లలు వాటి కింద నుంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. ఈ నియమం విషయంలో బతిమాలడం వల్ల ప్రయోజనం లేదు, బతిమాలకూడదు కూడా.

ఒకసారి మా అన్నయ్య కొడుకు, పదకొండేళ్ళవాడు, ఒక పార్కులో ముప్పావు గంట వరుసలో నిలబడి తీరా తలుపు దాకా వెళ్ళాక కొలబద్ద దగ్గర రెండు వేళ్ళు తక్కువయ్యాడు. వరుస మొదట్లోనే ఉన్న బోర్డును మాలో ఒక్కరమూ చదవలేదు. వాడి ఏడుపు ఆగేసరికి మధ్యాహ్న భోజనాల వేళ అయింది. అందుకే పార్కు వెబ్‌సైటులో ప్రతి రైడుకూ రాసి ఉన్న ఎత్తును చూసి, ఎవరు ఏవి ఎక్కవచ్చో ఇంటి దగ్గరే తేల్చి, ఆ సంగతి పిల్లలకు బయలుదేరకముందే చెప్పండి.

2. ఇంట్లోవాళ్ళను బట్టి పార్కును ఎంచుకోండి

ఎదిగిన పిల్లలే ఎక్కువగా ఉంటే వండర్‌లా సరైనది. పెద్దవాళ్ళు ఎక్కువగా ఉంటే 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ మేలు, ఎందుకంటే అక్కడ చాలా భాగం బస్సులో కూర్చునే చూడవచ్చు. దానికి కూడా పూర్తి రోజు కేటాయించాలి. ఒక పూట మాత్రమే ఖాళీ ఉన్నవారికి ట్యాంక్‌బండ్ దిగువన ఉన్న కృత్రిమ మంచు పార్కు స్నో వరల్డ్, నెక్లెస్ రోడ్డులోని నీటి ఆటల పార్కు జలవిహార్ సరిపోతాయి. వరి చేల మధ్య పుట్టి మంచు ఎరుగని మన పిల్లలకు స్నో వరల్డ్ ఓ వింతే అయినా, అక్కడి చలి ఆస్తమా ఉన్నవాళ్ళకు పడదు. ఎక్కడికి వెళ్ళినా రెండు పార్కులను ఒకే రోజులో ఇరికించవద్దు.

3. రోజు, రైలు

వేసవిలో దాళ్వా (రెండో పంట) నూర్పిళ్ళు ముగిసి సార్వా (తొలకరి పంట) నారుమళ్ళు మొదలయ్యేలోగా మన వైపు చేతిలో డబ్బూ తీరికా రెండూ ఉంటాయి, బడులకు సెలవులూ అప్పుడే. అందరికీ అదే వీలు కాబట్టి పార్కుల్లో రద్దీ కూడా అప్పుడే ఎక్కువ. నన్నడిగితే దసరా సెలవుల్లో శని, ఆదివారాలనూ పండుగ రోజునూ వదిలి, వారం మధ్యలో వెళ్ళమంటాను. సంక్రాంతి మాట ఎలాగూ లేదు, ఆ నాలుగు రోజులూ హైదరాబాదే మన ఊళ్ళకు వస్తుంది.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచి దొరుకుతాయి. నరసాపురం, పాలకొల్లు, భీమవరం వారికి రాత్రి రైళ్ళున్నాయి. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు కాబట్టి అక్కడివారు నేరుగా బస్సెక్కాలి, లేదా రాజమండ్రి గాని, చించినాడ వంతెన దాటి పాలకొల్లు గాని చేరుకోవాలి. ఐదేళ్ళు నిండిన పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. 2025 జనవరిలో హైదరాబాదు శివారులో చర్లపల్లి రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది, కాబట్టి మీ రైలు సికింద్రాబాదు వెళుతుందో, చర్లపల్లిలోనే ఆగుతుందో టికెట్టు మీద చూసుకోండి. రాత్రంతా ప్రయాణం చేసి ఆ ఉదయమే పార్కుకు వెళ్ళడం కంటే, ఒక రోజు బంధువుల ఇంట్లో విశ్రాంతి తీసుకోవడం మంచిది. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఎలాగూ వాళ్ళకు అందజేయాలి కదా.

4. బట్టలు, తిండి

నీటి ఆటలకు నైలాన్ లాంటి సింథటిక్ ఈత దుస్తులనే అనుమతిస్తారు. చీర, చుడీదార్, నూలు బనీను పనికిరావు. అక్కడ అద్దెకు తీసుకోవచ్చు గాని, ఒక్కొక్కరికి ఒక జత ముందే కొనుక్కుంటే వరుసలో నిలబడే పని తప్పుతుంది. బయటి తిండిని సాధారణంగా లోపలికి రానివ్వరు. కనుక పొద్దున్నే ఇడ్లీలు తిని, రైడ్లకు కనీసం గంట ముందే తినడం ముగించాలి. కడుపు నిండా భోంచేసి గిర్రున తిరిగే రైడు ఎక్కితే వాంతి అవుతుంది. కళ్ళు చూసేదీ, చెవి లోపలి సమతుల్య అవయవం గ్రహించేదీ ఒకదానికొకటి పొసగనప్పుడు కడుపులో తిప్పుతుంది. అలాంటప్పుడు ఎదురుగా కదలకుండా ఉన్నదేదో ఒకటి చూస్తూ కూర్చోవాలి.

నీళ్ళ విషయంలో మనవాళ్ళు మోసపోతారు. డెల్టాలో ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది, దాహం దానంతట అదే గుర్తుకొస్తుంది. హైదరాబాదు పొడి ఎండలో చెమట ఒంటిమీద నిలవక ముందే ఆరిపోవడం వల్ల ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. అరగంటకొకసారి పిల్లలచేత తాగించండి.

5. లోపలికి వెళ్ళాక

గేటు తెరిచే వేళకు చేరుకొని, అందరూ పరిగెత్తే పెద్ద రైడ్లనే మొదటి గంటలో ముగించండి. ఆ తరువాత వరుసలు పెరుగుతాయి. నీటి ఆటలకు వేరే వేళలుంటాయి, అవి లోపలికి వెళ్ళగానే అడిగి తెలుసుకోవాలి. గుండె జబ్బు, వెన్నునొప్పి, అధిక రక్తపోటు ఉన్నవాళ్ళూ గర్భిణులూ వేగపు రైడ్లు ఎక్కకూడదు. నాయనమ్మను నీడలో కూర్చోబెట్టి సామాను అప్పజెప్పి అందరూ వెళ్ళిపోవడం మన ఇళ్ళలో అలవాటు. సామాను లాకరులో పెట్టి, ఆమె దగ్గర ఒకరి తరువాత ఒకరు కూర్చోండి.

పంట కాలువలో ఈత నేర్చిన పిల్లలు నీళ్ళంటే భయపడరు. అలల కొలనులో అదే చిక్కు. కాలువ నీరు ఒక వైపుకే లాగుతుంది, ఈ అల మాత్రం కాళ్ళను నేలమీంచి లేపి వెనక్కి ఈడుస్తుంది, పైగా మీద పడే జనం. ఈత వచ్చినా సరే, చేతికి అందేంత దూరంలోనే ఉంచుకోండి.

పొద్దున్నే పిల్లలను ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీయండి, ఈత దుస్తులు మార్చాక మళ్ళీ ఇంకొకటి తీయండి. తప్పిపోయినప్పుడు సిబ్బందికి ఆ రెండో ఫోటోయే పనికివస్తుంది. ముంజేతి మీద ఫోన్ నంబరు రాసి, తడికి చెరిగిపోకుండా పైన పారదర్శకమైన టేపు అంటించండి.

6. తిరుగు ప్రయాణం

ఆ రాత్రికే రైలుంటే, పార్కు మూసేదాకా ఉండకండి. రావిర్యాల నుంచి సికింద్రాబాదు స్టేషనుకు సాయంత్రపు రద్దీలో రెండు గంటలకు పైనే చేతిలో ఉంచుకోవాలి. ఈత దుస్తులను గట్టిగా పిండి, పాత తువ్వాలులో చుట్టి, విడి సంచిలో మూతి కట్టకుండా పెట్టండి. ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టారంటే, తెల్లవారి నరసాపురంలో దిగేసరికి పెట్టెలోని బట్టలన్నీ ముక్కిన వాసన కొడతాయి.