పాత నెట్‌బుక్‌లో ఎల్ఎక్స్‌డీఈ మాటిమాటికీ బిగుసుకుపోతుంటే: నా అనుభవం

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 2009లో కొన్న నెట్‌బుక్ ఇది. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. డెబియన్ 12 లినక్స్ (32 బిట్), దాని మీద ఎల్ఎక్స్‌డీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేశాను. అమ్మ పేపర్ చదువుతూ రెండో ట్యాబ్ తెరిస్తే చాలు, మౌస్ బాణం కదలదు, డిస్క్ లైటు ఆరదు.

బ్రౌజర్ మార్చాను, వాల్‌పేపర్ తీసేశాను, అక్కర్లేని సర్వీసులు ఆపాను, మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఏదీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది జడ్‌ర్యామ్. ర్యామ్ నిండితే డిస్క్‌కి పరుగెత్తకుండా, డేటాను కుదించి ర్యామ్‌లోనే దాచే పద్ధతి ఇది. ముందు సినాప్టిక్ అనే ప్యాకేజీ మేనేజర్‌లో జడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాను. తర్వాత ఈటీసీ ఫోల్డర్‌లోని డిఫాల్ట్‌లో ఉన్న జడ్‌ర్యామ్‌స్వాప్ ఫైల్‌ని రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) తెరిచాను. అందులో అల్గో, పర్సెంట్ అనే రెండు లైన్ల ముందు హాష్ (#) గుర్తు ఉంటుంది. అది ఉన్నంతవరకూ మీరు ఏం మార్చినా లెక్కలోకి రాదు, నాకు ఒక సాయంత్రం అక్కడే పోయింది. రెండు హాష్‌లూ చెరిపి, అల్గోలో ఎల్‌జడ్4 (కుదించే పద్ధతి), పర్సెంట్‌లో 50 (ర్యామ్‌లో సగం) అని ఉంచి సేవ్ చేసి రీస్టార్ట్ చేశాను. టెర్మినల్‌లో సుడోతో స్వాప్‌ఆన్ కమాండ్ కొడితే జడ్‌ర్యామ్ ప్రయారిటీ 100తో కనిపించాలి. పాత డిస్క్ స్వాప్ (ర్యామ్ నిండితే డిస్క్‌లో వాడే చోటు) అలాగే ఉండనివ్వండి, అవసరమైతేనే వాడుకుంటుంది.

ఇప్పుడు నాలుగు ట్యాబ్‌లు తెరిచినా బాణం కదులుతోంది. అమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది! వీడియోలు మాత్రం ఇప్పటికీ ఆగి ఆగి వస్తాయి, అది ప్రాసెసర్ సంగతి. 512 ఎంబీ మెషిన్‌లో ఇంత తేడా వస్తుందో లేదో నేను చూడలేదు.