పిల్లల పళ్ల వరుస: ఏడేళ్లకు ఏం చూడాలి, దేనికి ఆగొచ్చు, దేనికి ఆగకూడదు

"పళ్లన్నీ రానీ, పన్నెండేళ్లు దాటినంక క్లిప్పులు పెట్టిద్దాం" అనే మాట నల్లగొండలోనూ పాలమూరులోనూ చాలా ఇళ్లలో వినబడుతుంది. వరుస కాస్త వంకరపోవడం, పన్ను మీద పన్ను ఎక్కడం లాంటి వాటికి ఆ మాట సరైనదే. పై దవడ ఇరుకుగా ఉన్నా, పైపన్ను కింది పన్నుకు లోపల పడినా, పాలదవడ పన్ను ముందే పోయినా మాత్రం ఆగకూడదు. వయసు పెరిగేకొద్దీ ఎముక కలిసిపోతుంది, దవడ పళ్లు ముందుకు జరుగుతాయి. కొన్ని నెలల్లో తేలిపోయే పని ఏళ్ల పని అవుతుంది, ఒక్కోసారి ఆపరేషన్ దాకా పోతుంది.

అందుకే ఏడో ఏట ఒకసారి ఆర్థోడాంటిస్టుకు, అంటే పళ్ల వరుస సరిచేసే డాక్టరుకు, చూపించమంటారు. చూపించడమంటే క్లిప్పులు పెట్టించడం కాదు. చాలామంది పిల్లలకు ఆ వయసులో "ఇప్పుడేం వద్దు, ఏడాదికోసారి తీసుకురండి" అన్న జవాబే వస్తుంది. ఆ జవాబు కోసమైనా వెళ్లడం మేలే, ఎందుకంటే పళ్లు రావాల్సిన దారిలో వస్తున్నాయని అప్పుడు తెలుస్తుంది.

ముందు ఇంట్లో చూడండి

వాకిట్లో పగటి వెలుతురులో పిల్లను కూర్చోబెట్టండి. చేతులు కడుక్కుని, పెదవులు పైకెత్తి, "ఉమ్మి మింగి, దవడ పళ్లు ఆనించు" అని చెప్పండి. ముందు పళ్లు కలపమంటే పిల్లలు దవడ ముందుకు తోస్తారు, అప్పుడు చూసిందంతా తప్పే.

మధ్య గీత నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఒకటి, రెండు ముందు పళ్లు. మూడోది కోరపన్ను. నాలుగు, ఐదు పాలదవడ పళ్లు. ఆరోది ఏ పాలపన్నూ ఊడకుండానే ఆరేళ్లకు వెనకాల కొత్తగా వస్తుంది. అది శాశ్వత పన్ను. దాన్నే పాలపన్ను అనుకుని పుచ్చినా పట్టించుకోని ఇళ్లు ఎన్నో. నోట్లోని కొరుకుడు మొత్తం ఆ పన్ను మీదే నిలబడుతుంది కాబట్టి నల్ల చుక్క కనబడగానే సిమెంటు పెట్టించాలి.

తర్వాత పై పళ్ల వరుస చుట్టూ కింది వరుసకు బయటే ఉందో లేదో చూడండి. ఒక్క పన్ను లోపలికి పడినా రాసుకోండి. నోరు మెల్లగా మూసేటప్పుడు గదవ ఒక పక్కకు జారుతోందా అన్నది ఇంకా ముఖ్యం. పై దవడ ఇరుకుంటే పిల్లలు కొరకడానికి వీలుగా దవడను పక్కకు జరుపుకుంటారు. ఏళ్ల తరబడి అలాగే పోతే ముఖం ఒక వైపు ఒరుగుతుంది. పై ముందు పళ్లు ఎత్తుగా ఉంటే చిన్న స్కేలు పెట్టి కొలవండి: కింది పన్ను ముఖం నుంచి పైపన్ను అంచుకు 2, 3 మిల్లీమీటర్లు మామూలే. 6 దాటితే ఆలస్యం చేయొద్దు. బడిలో పడినా, సైకిల్ మీంచి పడినా ముందు విరిగేది ఆ పళ్లే.

ఒక వైపు ముందు పన్ను వచ్చి ఆరు నెలలైనా రెండో వైపు పన్ను రాకపోతే ఎక్స్‌రే తీయించాలి. పైన లెక్కకు మించిన పన్ను ఒకటి అడ్డం పడి ఉండొచ్చు. పదేళ్లప్పుడు పాల కోరపన్ను పైన చిగురు మీద వేలు పెట్టి తడమండి, రెండు పక్కలా కొత్త కోరపన్ను ఉబ్బు తగలాలి. తగలకపోతే ఆ పన్ను అంగిలి వైపు దారి తప్పి ఉండొచ్చు. ఆ వయసులో పాల కోరపన్ను తీసేస్తే చాలాసార్లు కొత్తది దానంతట అదే దారికొస్తుంది. పద్నాలుగేళ్లకు బయటపడితే చిగురు కోసి, గొలుసు కట్టి కిందికి లాగాలి.

భయపడనక్కర్లేనివి

ఏడు నుంచి పదకొండేళ్ల మధ్య పై ముందు పళ్ల నడుమ సందు ఉంటుంది, పళ్లు విసనకర్రలా విచ్చుకుని కనబడతాయి. కోరపళ్లు దిగాక చిన్న సందు చాలావరకు మూసుకుపోతుంది. దానికోసం అప్పుడే క్లిప్పులు పెట్టించొద్దు. రబ్బరు బ్యాండు చుట్టడం అసలే వద్దు, అది చిగురు లోపలికి జారి బాగున్న పళ్లను ఊడగొడుతుంది.

కింది ముందు పళ్లు పాలపళ్ల వెనకాల రెండో వరుసగా వచ్చినా కంగారు పడొద్దు. పాలపన్ను కదులుతుంటే దాన్ని ఊడనివ్వండి, కొత్త పన్నును నాలుకే ముందుకు తోస్తుంది. రెండు మూడు నెలలైనా పాలపన్ను కదలకపోతే తీయించాలి.

ఎత్తుపళ్లకు ఎనిమిదేళ్లకు మొదలుపెట్టినా, పన్నెండుకు మొదలుపెట్టినా చివరికి వరుస ఇంచుమించు ఒకేలా వస్తుందని పెద్ద పరిశీలనల్లో తేలింది. ముందే చేసినందుకు మిగిలే లాభం పళ్లు విరిగే ముప్పు తగ్గడం. కాబట్టి పళ్లు బాగా ఎత్తుగా ఉండి పెదవి మూతపడకపోయినా, బడిలో వెక్కిరింపులతో పిల్ల నలిగిపోతున్నా ముందే చేయించండి. లేదంటే ఎదుగుదల ఊపందుకునే వయసు దాకా ఆగండి. ఆడపిల్లలకు సుమారు 10–12, మగపిల్లలకు 12–14. ట్విన్ బ్లాక్ లాంటి తీసి పెట్టుకునే ఉపకరణం అప్పుడు బాగా పనిచేస్తుంది.

ఆగకూడనివి

మొదటిది, ముందే పోయిన పాలదవడ పన్ను. "పాలపన్నే కదా, ఊడిపోయేదే" అని ఆరేళ్లకు తీయించేస్తారు. దాని కింది శాశ్వత పన్ను వచ్చేది 10–12 ఏళ్లకు. ఈలోగా వెనక ఆరో పన్ను ముందుకు జరిగి ఆ చోటు ఆక్రమిస్తుంది. ఎక్కువగా జరిగేది మొదటి ఆరు నెలల్లోనే. అందుకే పన్ను తీసే రోజే "జాగా నిలిపే తీగ కావాలా?" అని అడగండి. పక్క పన్నుకు స్టీలు పట్టీ తొడిగి, దానికి తీగ ఉంగరం అతికిస్తారు. కొలత తీసి ఒకరోజు, బిగించేది ఇంకోరోజు, రెండుసార్లు వెళ్తే అయిపోతుంది. కింది పన్ను త్వరలోనే వచ్చేలా ఉంటే తీగ అక్కర్లేదు, ఎక్స్‌రే చూసి డాక్టరే చెప్తారు. పెట్టాక ఆరు నెలలకోసారి చూపించాలి. పట్టీ కింద సిమెంటు కరిగితే బయటికి ఏమీ కనబడకుండానే లోపల పన్ను పుచ్చుతుంది. కొత్త పన్ను తల కనబడగానే తీగ తీయించాలి. పల్లీపట్టి, చాక్లెట్ లాంటి పంటికి అంటుకునే తీపి తింటే స్టీలు పట్టీ ఊడొస్తుంది.

రెండోది, ఇరుకు దవడ. పై అంగిలి రెండు ముక్కలుగా ఉండి నడుమ అతుకుతో కలిసి ఉంటుంది. చిన్న వయసులో ఆ అతుకు సులువుగా విప్పుకుంటుంది, యవ్వనంలో బిగుసుకుంటుంది. దవడను వెడల్పు చేసే, స్క్రూ ఉన్న ఎక్స్‌పాండర్‌ను అంగిలికి బిగించి, స్క్రూ తిప్పే తాళంచెవి ఇస్తారు. తిప్పేది అమ్మానాన్నలే. సాధారణంగా ఒక తిప్పుకు పావు మిల్లీమీటరు. రోజుకు ఎన్ని తిప్పులన్నది డాక్టరు చెప్పిందే లెక్క. తాళంచెవికి పొడవాటి దారం కట్టి మణికట్టుకు చుట్టుకోండి, జారినా గొంతులోకి పోదు. పిల్లను పడుకోబెట్టి, స్క్రూకు ముందు వైపున్న రంధ్రంలో తాళంచెవి పెట్టి గొంతు వైపు తోయండి. తర్వాతి రంధ్రం పూర్తిగా కనబడే దాకా తోసి, చెవిని వెనక వైపుగానే బయటికి తీయండి. ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. సగం తిప్పి ఆపితే మర్నాడు రంధ్రం దొరకదు, చెవిని ముందుకు లాగితే తిప్పింది తిరిగి వచ్చేస్తుంది. క్యాలెండరులో ప్రతి తిప్పుకూ గీత పెట్టండి, అమ్మ ఒకసారి నాన్న ఒకసారి తిప్పి రెట్టింపు కాకుండా. కొద్ది రోజులకు ముందు పళ్ల నడుమ సందు వస్తే భయపడొద్దు, దవడ విప్పుకుంటోందని గుర్తు. తిప్పడం అయ్యాక కూడా 3 నుంచి 6 నెలలు దాన్ని నోట్లోనే ఉంచుతారు. ముందే తీయిస్తే అతుకు మళ్లీ దగ్గరపడుతుంది.

కింది దవడే ముందుకు వచ్చిన పిల్లలకు పై దవడను ముందుకు లాగేలా ముఖానికి తగిలించే ఫేస్‌మాస్కు పదేళ్లలోపు బాగా పనిచేస్తుంది. రోజుకు 12–14 గంటలు పెట్టుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చింది మొదలు పొద్దున దాకా అన్నమాట.

ఇక అలవాట్లు. వేలు చీకడం నాలుగేళ్లు దాటితే మాన్పించే ప్రయత్నం మొదలుపెట్టాలి, శాశ్వత ముందు పళ్లు రాకముందే మానాలి. కారం పూయడం, కొట్టడం పనిచేయవు, పిల్ల దుప్పటి చాటున చీకుతుంది. రాత్రి చేతికి సాక్సు తొడగడం, చీకని రోజుకు గోడ మీద చుక్క పెట్టడం మేలు. ఆరేళ్లకూ మానకపోతే అంగిలికి తీగ కంచె పెట్టిస్తారు. నోటితో గాలి పీల్చడం, గురక, పొద్దున పెదవులు ఎండిపోవడం ఉంటే ముందు ముక్కు, చెవి, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముక్కు వెనక గడ్డలు వాచి ఉన్నాయేమో చూడకుండా దవడ విప్పితే ఫలితం నిలవదు.

ఫ్లోరైడు పళ్లకు

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, చండూరు లాంటి చోట్ల బోరు నీళ్ల ఫ్లోరైడు వల్ల పళ్లకు గార మచ్చలున్న పిల్లలు ఉంటారు. అలాంటి పన్ను పైపొర మీద క్లిప్పు సరిగ్గా అతకదు, తరచూ ఊడుతుంది. మొదటి రోజే డాక్టరుకు ఈ మాట చెప్పండి. పైపొర కొద్దిగా రుద్ది, యాసిడ్ జెల్ మామూలు కంటే ఎక్కువసేపు ఉంచి అతికిస్తారు. దవడ పళ్లకు అతికించే బదులు పట్టీ తొడుగుతారు. మచ్చలు మాత్రం క్లిప్పులతో పోవు, వాటికి వేరే వైద్యం ఉంది.

ఫ్లోరైడు ఊరు కదా అని పేస్టు మానేయొద్దు. మచ్చ వచ్చేది చిన్నప్పుడు పన్ను తయారయ్యే కాలంలో మింగిన ఫ్లోరైడుతో. పేస్టు పంటి పైన పనిచేస్తుంది. శనగగింజంత పెట్టి, తోమి, ఉమ్మేస్తే చాలు. క్లిప్పులున్న పళ్లకు ఇది ఇంకా అవసరం, సరిగ్గా తోమకపోతే క్లిప్పు చుట్టూ తెల్ల మచ్చలు పడతాయి.

ఎక్కడ, ఎప్పుడు

బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవారిని అడిగి వెళ్లండి. నార్కట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంత వైద్య కళాశాలలున్నాయి, హైదరాబాద్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. మొదలుపెట్టే ముందు నాలుగు మాటలు అడగండి: ఇప్పుడు చేయకపోతే ఏమవుతుంది, ఎన్ని నెలలు, పెద్దయ్యాక రెండో విడత క్లిప్పులు కావాలా, విరిగితే ఎవరి ఖర్చు. రెండో విడత చాలామందికి కావాల్సి వస్తుంది, ముందే తెలిస్తే డబ్బులు జమ చేసుకోవచ్చు.

గురుకులాల్లో చదివే పిల్లలకు ఎండకాలం సెలవులే అనువు. స్క్రూ తిప్పే రెండు మూడు వారాలు అప్పుడు ఇంట్లోనే గడుస్తాయి. తీసి పెట్టుకునే ఉపకరణమైతే పేరు రాసిన గట్టి డబ్బా ఇచ్చి పంపండి. కాగితంలో చుట్టి కంచం పక్కన పెడితే ఎంగిలితో పాటు చెత్తలోకి పోతుంది. వేడి నీళ్లతో కడిగితే వంగిపోయి మళ్లీ నోట్లో కూర్చోదు, చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు.

క్లిప్పులున్నన్ని రోజులు మక్క కంకిని పంటితో కొరకొద్దు, గింజలు ఒలిచి తినాలి. చెరుకు, సకినాలు, ఎండు కొబ్బరి పక్కన పెట్టండి. జొన్నరొట్టె పప్పులో నానేసి, ముంజలు, సీతాఫలం మామూలుగా తినొచ్చు, సీతాఫలం గింజ పంటి కింద పడకుండా చూసుకోవాలి. తీగ బుగ్గకు గుచ్చుకుంటే డాక్టరిచ్చిన మైనం గోలీ చేసి అద్దండి. ఊడిన ముక్క పారేయకుండా డబ్బాలో వేసి, ఫోన్ చేసి, వచ్చే నెల దాకా ఆగకుండా వెళ్లండి. ఒక్క క్లిప్పు ఊడి నెల గడిస్తే ఆ పన్ను తిరిగి పాత చోటికి బయల్దేరుతుంది.