మన ఆలోచనను మనమే గమనిద్దాం – పాఠం 4: ముందుగా చెవిన పడ్డ అంకె

పోయిన పాఠంలో మీ అభిప్రాయానికి ఎదురు నిలిచే ఆధారాలు వెతకమన్నాను. ఆ పని సగంలో ఉంటే ముందు అది పూర్తి చేయండి, ఈ పాఠం చివర్లో దానితో అవసరం పడుతుంది.

ఈసారి పరీక్షతోనే మొదలుపెడదాం. ఇద్దరు స్నేహితులను విడివిడిగా కూర్చోబెట్టండి. ఒకరికి 8×7×6×5×4×3×2×1 అని రాసి చూపించండి. రెండోవారికి అదే లెక్కను 1×2×3×4×5×6×7×8 అని రాసివ్వండి. ఐదు సెకన్లలో ఉజ్జాయింపుగా జవాబు చెప్పాలి. ఆ జవాబులు రాసుకున్నాకే కింది పేరా చదవండి.

అమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ లెక్కనే హైస్కూలు పిల్లలకిచ్చి, ఫలితాలను 1974లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 8తో మొదలైన గుంపు అంచనాల మధ్యగతం (చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో పడేది) 2,250. 1తో మొదలైన గుంపుది 512. అసలు జవాబు 40,320! ఐదు సెకన్లలో రెండు మూడు గుణకారాలకు మించి సాగవు. ఒకరు 8×7×6 దగ్గర 336కి చేరతారు, ఇంకొకరు 1×2×3 దగ్గర 6లోనే ఉంటారు. చేతికొచ్చిన ఆ అంకెను పట్టుకుని మిగతాది ఊహిస్తారు. పైకి జరుగుతారు, కానీ జరగాల్సినంత జరగరు. దీన్ని యాంకరింగ్ అంటారు. మీ స్నేహితుల జవాబులు ఇలా రాలేదా? ఇద్దరితో ఏదీ తేలదు. వీలైతే తరగతిని రెండు సగాలు చేసి చూడండి.

ఇక్కడ ఆ అంకె లెక్కలోంచే వచ్చింది. ఏ సంబంధమూ లేని అంకె కూడా ఇలాగే లాగుతుంది, నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది ఇదే. ట్వర్‌స్కీ, కానమన్ అంకెలున్న చక్రాన్ని జనం ముందే తిప్పారు. ఆఫ్రికా దేశాలు ఐక్యరాజ్య సమితిలో ఎంత శాతం ఉంటాయి, చక్రం చూపిన అంకె కన్నా ఎక్కువా తక్కువా అని అడిగి, తర్వాత అంచనా చెప్పమన్నారు. 10 పడ్డవాళ్ల మధ్యగతం 25, 65 పడ్డవాళ్లది 45. సరిగ్గా చెబితే డబ్బిస్తామన్నా ప్రభావం తగ్గలేదు.

ఇక మన వీధిలోకి రండి. చీరల షాపులో 4,800 కొట్టేసి 2,400 అని రాసి ఉంటుంది. ఆ చీర 2,400 చేస్తుందా అన్న ప్రశ్న మనకు రాదు, సగం మిగిలిందన్న సంతోషమే వస్తుంది. ఆటో అతను 200 అంటే 150కి ఒప్పించి గెలిచామనుకుంటాం. సెకండ్ హ్యాండ్ బైక్ అమ్మేవాడు 55 వేలు అన్నాక మన బేరమంతా ఆ 55 చుట్టూనే తిరుగుతుంది. అనుభవం ఉంటే తప్పించుకోవచ్చా? అమెరికాలోని టూసాన్‌లో రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు ఒకే ఇంటిని వేర్వేరు ప్రకటన ధరలతో చూపించి విలువ కట్టమన్నారు. 1987లో వచ్చిన ఆ అధ్యయనంలో వాళ్ల అంచనాలు కూడా ప్రకటన ధర వైపే జరిగాయి.

కాబట్టి ‘నాకు ఈ సంగతి తెలుసు కదా’ అన్న ధీమా పనికిరాదు. ఎదుటివాళ్లు అంకె చెప్పకముందే మీ అంకెను కాగితం మీద పెట్టండి. బైక్ చూడ్డానికి వెళ్లే ముందే అదే మోడల్, అదే సంవత్సరం బండ్ల రేట్లు నాలుగు చోట్ల కనుక్కుని, ఎంతకు మించి ఇవ్వరో రాసుకోండి.

అప్పటికే అంకె వినేశారా? అప్పుడు పోయిన పాఠం పని అక్కరకొస్తుంది. ఆ అంకె ఎందుకు తప్పయి ఉండొచ్చో కారణాలు వెతకండి: టైర్లు అరిగాయి, ఇన్సూరెన్స్ అయిపోవచ్చింది, ఇద్దరి చేతులు మారింది. జర్మనీలో ఒక పాత కారుకు మెకానిక్కులు, వ్యాపారులు విలువ కట్టిన ప్రయోగంలో, ముందుగా చెప్పిన ధరకు వ్యతిరేకంగా కారణాలు ఆలోచింపజేసినప్పుడు దాని ప్రభావం తగ్గింది. పూర్తిగా పోతుందని మాత్రం ఆశపడకండి.

వారం పాటు చేయాల్సిన అభ్యాసం ఇది. కొనబోయే ప్రతి వస్తువుకూ ధర చూడకముందు మీ అంచనా, చూశాక అసలు ధర, చివరికి మీరిచ్చింది, ఈ మూడూ నోట్‌బుక్‌లో వరుసగా రాయండి. కూరగాయలతో మొదలుపెట్టండి, వాటి ధరలు ఇంట్లో అమ్మనో నాన్ననో అడిగి సరిచూసుకోవచ్చు. అంచనా రాయడం మరిచిపోయి ముందే ధర చూసేసిన వరుసల పక్కన ఒక చుక్క పెట్టండి. ఐదో పాఠం ఆ చుక్కల దగ్గరే మొదలవుతుంది.