ఉమామహేశ్వరం ఎర్ర కొండ కింద ఒక రోజు నడక: ఎట్ల పోవాలె, ఏం చూస్కోవాలె

మన పాలమూరోళ్లకైనా నల్లగొండోళ్లకైనా గుట్ట అంటే గుండ్లే యాదికొస్తయి. అచ్చంపేట దాటి రంగాపూర్ దిక్కు పోయినంక మాత్రం గుట్టల తీరే మారిపోతది, పైన బల్లపరుపు, అంచుకు నిలువుగ ఎర్రటి గోడ, ఆ గోడ నిండ జొన్నరొట్టెలు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు పొరలు. నల్లమల ఇక్కడికెళ్లే మొదలు. ట్రెక్కింగ్ అనంగనే అందరు మహారాష్ట్ర కోటల వీడియోలు చూస్తరు గానీ మన జిల్లాలనే ఇంత రాయి పెట్టుకొని అంత దూరం ఎందుకు పోవుడు అని నాకైతే అనిపిస్తది.

ముందుగాల రాయి గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇక్కడ ఎట్ల నడవాలన్నది రాయే చెప్తది. ఈ పొరల రాయిని జియాలజీల శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటరు. వంద కోట్ల ఏండ్లకంటే ముందు నీళ్ల కింద పేరుకున్న ఇసుక గట్టిపడి ఇసుకరాయి అయింది, అది ఇంకా గట్టిపడి ఇట్లయింది. ఎరుపు ఇనుముది, తుప్పు రంగన్నట్టు. కొత్తగ ఊడిపడ్డ పెచ్చు ఒకటి దొరికితే తిప్పి చూడండి, బయట ఎర్రగ ఉన్నా లోపల తెల్లగనో లేత గులాబీగనో ఉంటది. కొన్ని పలకల మీద సన్నటి అలల గీతలు కనిపిస్తయి, చెరువు అంచున ఇసుకల నీళ్లు ఆడితే పడ్తయి చూడు, అవే అవి, అట్లనే రాయై మిగిలినయి. ఈ పొరల అడుగున ఉన్నది మళ్ల మన గుండ్ల గ్రానైటే. ఆ రెండు కలిసే జాగల్నే యురేనియం ఉందని సర్వేలు జేసింది, దానిమీదనే 2019ల అమ్రాబాద్‌ల అంత లొల్లి అయింది, ఆ సెప్టెంబర్‌ల అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం గూడ చేసింది.

గ్రానైట్ గుండు గరుకుగ ఉంటది, ఎండిన దానిమీద చెప్పులతోని ఎక్కినా కాలు పట్టు దొరుకుతది. ఈ రాయి అట్ల కాదు. పలకలు పలకలుగ విరుగుతది, చూస్తే గట్టిగనే ఉంటది, మన బరువు పడంగనే కింద ఖాళీ ఉన్నదని తెలుస్తది. అందుకే పలక అంచుమీద కాలు పెట్టొద్దు, నడిమిట్ల పెట్టాలె, అది గూడ ముందు కొంచెం ఒత్తి చూసి. చేతితోని పట్టుకునేటప్పుడు పలకను మీదికి గుంజొద్దు, కిందికి ఒత్తాలె. ఇంకోటి, జనం తిరిగి తిరిగి నున్నగైన రాళ్లు ఉంటయి, వాటిమీద కొబ్బరినీళ్లు, నూనె, పైనుంచి కారే ఊట అన్ని పడి ఉంటయి, నీడకు ఉన్నచోట పాచి పట్టి ఉంటది. ఎవ్వలన్న కింద పడిండ్రంటే ఎక్కువ శాతం ఇసొంటి చోట్లనే, పెద్ద ఎక్కుడు దగ్గర కాదు.

ఇగ ఎక్కడికి పోవాలె. అడవి కనిపించింది గదా అని ఎటువడితే అటు దూరుతనంటే కుదరదు, చుట్టూ ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,600 చదరపు కిలోమీటర్ల పైన ఉంటది, పులులు చిరుతలు ఎలుగుబంట్లు అన్ని నిజంగనే ఉన్నయి, పర్మిషన్ లేకుంట కోర్ ఏరియాల నడిస్తే కేసైతది. అందుకే మొదటిసారి పోయేటోళ్లకు నేను ఉమామహేశ్వరం శివుడి గుడే చెప్త. శ్రీశైలానికి ఉత్తర ద్వారం ఇది, తూర్పుకు త్రిపురాంతకం, దక్షిణానికి సిద్ధవటం, పడమరకు మన అలంపురం. జనం రోజు వచ్చిపోయే దారి కాబట్టి భయం లేదు, రాయి మాత్రం అసలైన నల్లమల రాయి.

మహబూబ్‌నగర్ నుంచి అయితే నాగర్‌కర్నూల్ మీదికెళ్లి అచ్చంపేట, నల్లగొండ నుంచి అయితే దేవరకొండ, డిండి మీదికెళ్లి. హైదరాబాద్ నుంచి వచ్చేటోళ్లు శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే సరిపాయె, మన్ననూర్ చెక్‌పోస్ట్ దాక పోయే పని లేదు, దానికంటే ముందే రంగాపూర్ కాడ తిరగాలె. బస్సుల వస్తే అచ్చంపేటల దిగి ఆటో మాట్లాడుకోండి, వాపస్ వచ్చేటందుకు గూడ అదే ఆటో ఆయనకు టైం చెప్పి నంబర్ తీస్కోండి, లేకుంటే సాయంత్రం రోడ్డుమీద చెయ్యి ఊపుకుంట నిలబడాలె.

పైదాక కార్లు పోయే రోడ్డు ఉంది గానీ బండిని గుట్ట కిందనే భోగమహేశ్వరం గుడి కాడ పెట్టేసి నడుచుకుంట పోండి. కారుల పోతే పావు గంట పని, దానికి ఇంత దూరం వచ్చుడెందుకు? పొద్దున ఏడింటికల్లా నడక షురూ కావాలె. ఎండ ఎక్కినంక ఈ రాయి వేడి పట్టుకుంటది, గోడ పక్క పొంటి నడుస్తుంటే పైనుంచి ఎండ, పక్కనుంచి సెగ, రెండు దిక్కుల కాలుతది. మార్చి నుంచి మే దాక అయితే నేనసలే వద్దంట, వేడి ఒకటి, అడవి అంటుకునే రోజులు గూడ అవే. అక్టోబర్ నుంచి జనవరి మంచిగుంటది, సీతాఫలాల టైంల పోతే అచ్చంపేట రోడ్డుమీద గంపలతోని అమ్ముతరు. సంక్రాంతికి ఉత్సవాలు ఉంటయి, అప్పుడు జనమే జనం, నడక మజా రాదు. వానకాలం అందం వేరే, అది ఒప్పుకుంట, కానీ పెద్ద వాన పడ్డ తెల్లారే గోడ కిందికి పోవద్దు, పొరల నడుమ నీళ్లు దిగి పెచ్చులు ఊడేది అప్పుడే.

గుడి దగ్గరికి వచ్చినంక తల ఎత్తి చూడండి. కొండే ముందుకు వంగి గుడికి పైకప్పు అయింది, వాన పడ్డా చినుకు లోపలికి రాదు. అక్కడికెళ్లి గోడ పొంటి దారి పాపనాశనం దిక్కు పోతది, నాకు ఈ మొత్తంల ఇష్టమైన ముక్క ఇదే. ఒక దిక్కు ఎర్ర గోడ, ఇంకో దిక్కు లోయ, లోయ నిండ చెట్లు. పాపనాశనం కాడ రాయిలకెళ్లి చుక్క చుక్క నీళ్లు పడ్తనే ఉంటయి. పైన పడ్డ వాన పగుళ్లలకెళ్లి నెమ్మదిగ దిగుతది, కింద నీళ్లు ఇంకని పొర అడ్డం వచ్చినకాడ పక్కకు తిరిగి బయటికి కారుతది, అందుకే పైన వాన ఆగి నెలలైనా ఇక్కడ చుక్క ఆగదు. దోసిలి పట్టి నిలబడండి, నిండెటందుకు టైం పడ్తది, పర్వాలేదు.

ఈ దారిల అసలు జాగ్రత్త తేనెటీగలతోని. గోడమీద ఎత్తుల నల్లగ వేలాడుతున్న తుట్టెలు కనిపిస్తే అవి పెద్దీగలు. కింద పొగ పెట్టొద్దు, సిగరెట్ వద్దే వద్దు, రాయి విసురుడు, స్పీకర్ పెట్టుకొని పాటలు, డ్రోన్, ఇవేవి వద్దు, ఘాటు సెంట్ గూడ కొట్టుకొని రావొద్దు. లేస్తే చేతులు ఊపకుంట మొఖం కప్పుకొని వచ్చిన దారిననే బిరబిర పోవాలె, లోయ దిక్కు ఉరుకొద్దు. ఆ తుట్టెలల్ల తేనె తీసుడు చెంచుల పని, తీగతాళ్లు కట్టుకొని గోడమీద దిగుతరు, తరతరాల నుంచి నేర్చుకున్న పని అది, చూసి మనం ట్రై చేసేది కాదు.

కోతులైతే చెప్పనే వద్దు. చేతిల కవర్ కనిపిస్తే మీద పడ్తయి, కాబట్టి తిండి అంత బ్యాగుల, జిప్పు వేసి. సద్ది ఏం కట్టుకోవాలె అంటే, బిస్కెట్లు చిప్సు కాదు, రెండు జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ, ఒక డబ్బల పెరుగన్నం, ఇవి మధ్యాహ్నం దాక పాడుగావు, కడుపు నిలుస్తది. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, స్టీల్ బాటిల్‌లల్ల, ఇటు అడవిల ప్లాస్టిక్ బంద్. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు. బూట్లు గ్రిప్ అరగనివి ఉండాలె, గుడి కాడ ఇడవాలె కాబట్టి ఒక గుడ్డ సంచి పెట్టుకుంటే వాటిని ఎంబడే తీస్కపోవచ్చు, అక్కడ ఇడిస్తే కోతి ఎత్తుకపోయినా పోతది. సిగ్నల్ ఒకచోట ఉంటది ఒకచోట ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేస్కోండి.

సెల్ఫీలకు గోడ పైఅంచు ఎక్కుతరు కొందరు. కింద నుంచి చూసిండ్రు గదా, ఆ అంచు కింద ఏం ఆధారం లేదు, గాలిలకు సాగి ఉంది. మనిషి నిలబడితే ఇప్పుడే విరుగుతదని కాదు, ఎప్పుడు విరుగుతదో ఎవ్వనికి తెల్వదు.

మధ్యాహ్నం రెండింటికల్లా దిగుడు మొదలుపెట్టండి, దిగేటప్పుడు మోకాళ్లు గుంజుతయి, అడ్డం అడ్డం తిరుక్కుంట దిగితే తక్కువ తెలుస్తది. ఇంకా ఓపిక ఉన్నోళ్లు బండి తీస్కొని మన్ననూర్ దాటి ఫరహాబాద్ పోవచ్చు, ఫారెస్టోళ్ల సఫారీ ఉంటది. మల్లెలతీర్థం వానకాలం అయిపోయిన కొత్తల బాగుంటది, ఎండకాలం పోతే రాళ్లే. సలేశ్వరం చైత్ర పౌర్ణమి అప్పుడు కొన్ని రోజులే వదుల్తరు, దాని నడక లెక్క వేరే, అది ఇంకోసారి చెప్త. మన్ననూర్ దాటి పోతే ఒకటి మాత్రం మర్వకుండ్రి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాక ఆ రోడ్డు బంద్, గేట్ వేస్తరు.

ఇంటికి వచ్చినంక బట్టలు బయటనే దులిపి, చీలమండలు, మోకాళ్ల ఎనుక, నడుము పట్టీ కాడ పిడుదులు ఉన్నయేమో చూస్కోండి. ఉంటే ఇష్టమొచ్చినట్టు పీకొద్దు, సన్న పట్టకారుతోని తోలుకు ఆనించి తల కాడ పట్టి నిటారుగ గుంజాలె. పిల్లలకు చెవుల ఎనుక గూడ చూడండి.