భీమిలిలో స్థిరపడాలంటే ముందు అద్దెకు ఉండండి

రిటైరయ్యాక భీమిలిలో ఇల్లు కొనాలనుకునేవాళ్లు ముందు ఒక ఏడాది అద్దెకు ఉండి చూడండి. ముఖ్యంగా అక్టోబర్, నవంబర్ నెలల్లో తప్పనిసరిగా ఊళ్లోనే ఉండాలి, తుఫాన్ల కాలం అదే. 2014 హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్‌లోనే. డచ్చివాళ్ల సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు చూసి మనసు పారేసుకోవడం సులువే, ఊరు నిజంగా అంత బాగుంటుంది. కానీ ఉప్పుగాలికి కిటికీ ఊచలు, ఏసీ బయటి యూనిట్ తొందరగా తుప్పు పడతాయి. అందుకే తీరానికి కాస్త లోపలి వీధులే నయం. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో ఎండాకాలంలో రుచి చూడండి. గుండె జబ్బున్నవాళ్లు విశాఖలోని తమ ఆసుపత్రికి రాత్రిపూట ఎంతసేపట్లో చేరగలరో ఒకసారి వెళ్లి చూసుకోవాలి.